వేసవిలో సర్వే చేసి బీలని బంజరు అంటే ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మా ఊరిని ఆనుకుని బీల, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేల, ఉంది. వానాకాలంలో నడుం లోతు నీళ్లు ఉంటాయి, కొరమేనులు, జెల్లలు పడతాయి, చుట్టూ తుంగ. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ వస్తుందట. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఫ్యాక్టరీ వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం గురించి రాసిన నివేదిక సారాంశం తెలుగులో ఉంటే తెచ్చి చదివాం, మా బీలని ‘నిరుపయోగ భూమి’ అని రాసేశారు. మీటింగుకి వెళ్లి గొడవ చేయడం తప్ప మా చేతుల్లో ఇంకేమైనా ఉందా?
(పేరు వద్దన్నారు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: చాలా ఉంది. అన్నిటికంటే ముందు ఆ నివేదికలో సర్వే ఏ నెలల్లో చేశారో చూడండి. చాలా రకాల ప్రాజెక్టులకు వానాకాలం కాకుండా వేరే ఒక్క సీజన్‌లో, అంటే మూడు నెలలపాటు, గాలి, నీరు, జీవజాలం వివరాలు సేకరిస్తే సరిపోతుందన్న పద్ధతి నడుస్తోంది. మార్చి నుంచి మే వరకు వచ్చి చూసినవాళ్లకి మీ బీలలో ఏం కనిపిస్తుంది? నెర్రెలిచ్చిన మట్టి, మేస్తున్న గేదెలు. చేపా ఉండదు, కొంగా ఉండదు. వాళ్లు చూసింది అబద్ధం కాకపోవచ్చు, కానీ ఏడాదిలో మిగతా తొమ్మిది నెలలు వదిలేసి అది పనికిరాని నేల అని తేల్చడం మాత్రం ముమ్మాటికీ తప్పు. ఆగస్టు నుంచి జనవరి దాకా అక్కడ ఏముంటుందో చూపించే బాధ్యత మీ మీద పడింది, అన్యాయమే, కానీ ఆ పని మీకంటే బాగా ఎవరూ చేయలేరు.

మీ జిల్లాలోనే సోంపేట సంగతి గుర్తుచేస్తాను. అక్కడి బీలలో థర్మల్ కేంద్రానికి 2009లో పర్యావరణ అనుమతి వచ్చేసింది. 2010 జులై 14న జనం అడ్డుకుంటే కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ (పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్లు అప్పట్లో వినే సంస్థ) ఆ అనుమతిని రద్దు చేసింది. ఊళ్లో పోరాటం నడుస్తుండగానే ఇంకోపక్క కాగితం మీద కూడా కేసు నడిచింది కాబట్టే అది సాధ్యమైంది. ఆ రెండో పని ముందే గట్టిగా జరిగితే మీ ఊరికి ఆ పరిస్థితి రాదు, నా బాధంతా అదే.

ఇక మీరు చేయాల్సింది. ఊళ్లో చేపలు పట్టేవాళ్లు, తుంగ కోసి చాపలు నేసేవాళ్లు, గేదెలు తోలేవాళ్లు, బీల నీళ్లతో మడి తడుపుకునేవాళ్లు, వీళ్లందరి దగ్గర కూర్చుని ఏ నెలలో ఏం దొరుకుతుందో, దాని మీద ఎంత వస్తుందో రాయించండి. ఫోన్లలో పాత ఫోటోలు తప్పకుండా ఉంటాయి, పెళ్లి ఫోటో వెనకాల బీల నిండుగా కనిపించినా పనికొస్తుంది, తేదీ తెలిస్తే చాలు. నత్తగుల్లకొంగలు, గూడబాతులు దిగిన ఫోటోలుంటే ఇంకా మంచిది. పంచాయతీలో చేపల వేలం కాగితాలు, రెవెన్యూ నక్షా నకలు జతచేయండి. సాటిలైట్ చిత్రాల్లో పాత సంవత్సరాలు వెనక్కి జరిపి చూసే వీలుంది, కాలేజీ పిల్లలకి చెప్తే అక్టోబరులో నీళ్లున్న బొమ్మలు వరసగా తీసిస్తారు.

ఇదంతా ముందుగానే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం సమావేశానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, కలెక్టర్ గానీ అదనపు కలెక్టర్ హోదాకి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి. ఎంతమంది వస్తే సమావేశం చెల్లుతుందన్న లెక్క లేదు, అందుకే బహిష్కరించి ఇంట్లో కూర్చోవడాన్ని నేను అస్సలు సమర్థించను. మీరు రాకపోయినా అది జరిగినట్టే. చివర్లో మినిట్స్, అంటే సమావేశంలో ఎవరేమన్నారో రాసుకున్నది, తెలుగులో చదివి వినిపించాలి, మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి. అయినా అనుమతి ఇచ్చేస్తే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి (పర్యావరణ కేసులు వినే కోర్టు లాంటిది) 30 రోజుల్లో వెళ్లాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుంది.

ప్రశ్న: మా టౌన్‌లో చెరువుని పునరుద్ధరిస్తున్నామని చుట్టూ సిమెంట్ గోడ, వాకింగ్ ట్రాక్, లైట్లు పెట్టారు. చూడ్డానికి బాగుంది. కానీ ఇదివరకు వచ్చే పిట్టలు ఇప్పుడు రావడం లేదు, ఎందుకు?
(కరీంనగర్ జిల్లా పాఠకురాలు)

జవాబు: పిట్టకి కావాల్సింది చెరువు మధ్యలోని లోతు కాదండీ, అంచున మోకాలి లోతు కూడా లేని బురద. కొంగ నిలబడి వేటాడేది అక్కడే, చేప గుడ్లు పెట్టేది, కప్ప దాక్కునేది కూడా అక్కడి గడ్డిలోనే. నిటారుగా గోడ కట్టి, లోపలంతా ఒకే లోతుకి తవ్వేస్తే ఆ అంచు మొత్తం పోతుంది. పూడిక తీయడం మంచిదే, తెలంగాణలో చెరువుల పూడికతీతకి 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఆ మట్టి పొలాలకి తోలుకుని లాభపడ్డ రైతులు ఎంతోమంది. కానీ పూడిక దాటి అడుగునున్న బంకమట్టి పొర దాకా చీల్చితే నీళ్లు నిలవవు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నీళ్లు వచ్చే దారి, పోయే దారి బాగుచేయకుండా చెరువుని బాగుచేశాం అనలేం. కొల్లేరులో 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు, అది అవసరమే. కానీ బుడమేరు, తమ్మిలేరులతో, డ్రెయిన్లతో కలిసి వచ్చే మురుగు ఆగలేదు, సముద్రానికి పోయే ఒకే దారి ఉప్పుటేరు పూడిక, ఆక్రమణల పాలైంది, గట్లు మళ్లీ లేచాయి. మీ మున్సిపాలిటీని అడగాల్సింది లైట్ల గురించి కాదు, వరద కాలువ ఎక్కడ మూసుకుపోయింది, మురుగు ఏ పైపులోంచి వస్తోంది, అలుగు ఏ ఎత్తులో ఉంది అని. గోడని ఒక పక్కనైనా తీయించి మట్టి వాలు పెట్టి, తుంగ, జమ్ము పెరగనిస్తే పిట్టలు తిరిగి రావడానికి అవకాశం ఉంది.

ప్రశ్న: గుర్రపుడెక్కకి మందు కొట్టొచ్చా?
(ఏలూరు జిల్లా)

జవాబు: వద్దు. చచ్చిన మొక్క నీళ్లలోనే కుళ్లి ప్రాణవాయువు లాగేస్తుంది, చేపలు తేలిపోతాయి. పూత రాకముందే లాగించండి, లాగింది గట్టు మీద వదిలేయకుండా దూరంగా కుప్ప పోయండి, లేకపోతే మొదటి వానకి మళ్లీ నీళ్లలోకే జారుతుంది. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి ఒక్కసారితో పోదు. అది అంతలా పెరుగుతోందంటే ఎక్కడో మురుగు కలుస్తోంది, ఆ చోటు కనిపెట్టి ఫోటోతో రాయండి, వచ్చే సంచికలో దాని గురించే మాట్లాడుకుందాం.