ట్రాక్ డేలకు వాడిన మియాటా కొనాలా, మస్తాంగ్ జీటీ కొనాలా?

మీరు ఆరడుగుల పొడుగు, ట్రాక్ డేలకు, అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజులకు, మాజ్దా వాళ్ళ చిన్న రెండు సీట్ల మియాటా కొనాలా, ఫోర్డ్ వాళ్ళ మస్తాంగ్ జీటీ కొనాలా అని అడిగారు. మొదటి ట్రాక్ కారైతే మియాటానే కొనండి. నేను ఉత్తర కాలిఫోర్నియాలో థండర్‌హిల్, లగూనా సెకా ట్రాక్‌లకు ఎన్‌డీ (నాలుగో తరం) మియాటాలో వెళ్తుంటాను. స్నేహితుడి మస్తాంగ్ జీటీని కూడా అక్కడే నడిపాను. "మస్తాంగ్ 460 హెచ్‌పీ (హార్స్‌పవర్) ముందు మియాటా 181 హెచ్‌పీ ఏం నిలుస్తుంది?" అని కూడా అడిగారు. స్ట్రెయిట్‌లో, అంటే మలుపుల్లేని తిన్నటి దారిలో, నిలవదు, అందులో వాదనే లేదు.

తేడా స్ట్రెయిట్ అయిపోయాక తెలుస్తుంది. మియాటా బరువు సుమారు 1,060 కిలోలు, మస్తాంగ్‌ది 1,680 దాకా ఉంటుంది. స్ట్రెయిట్ చివర మియాటా గంటకు 170 కిలోమీటర్ల మీద, మస్తాంగ్ 200 మీద ఉన్నాయనుకుందాం. స్కూల్లో చదివిన గతిశక్తి సూత్రంలో ఈ అంకెలు వేసి చూడండి, మస్తాంగ్‌ది రెట్టింపు దాటుతుంది. బ్రేకు నొక్కగానే అందులో చాలా భాగం వేడిగా మారి డిస్కులకు, ప్యాడ్లకు, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతుంది. ఆయిల్ మరిగిందా, పెడల్ నేల దాకా దిగిపోతుంది. అందుకే బరువైన కారు ఏదైనా సరే, మంచి ప్యాడ్లు, ఎక్కువ వేడికి తట్టుకునే ఆయిల్, వెడల్పాటి టైర్లు కావాలి. ఆ ఖర్చు ఒక్కసారితో పోదు, సీజన్ సీజన్‌కూ ఉంటుంది.

నేర్చుకోవడం సంగతికొస్తే, లగూనా సెకాలో ఆరో మలుపు చూడండి. అది దాటగానే కార్క్‌స్క్రూ అనే జంట మలుపు దాకా ఎత్తు ఎక్కాలి. మలుపులో భయపడి కాస్త యాక్సిలరేటర్ వదిలానంటే, మియాటాలో ఆ ఎత్తు పొడుగునా శిక్ష అనుభవించాల్సిందే. మస్తాంగ్‌లో అదే తప్పు చేసినా కాలు గట్టిగా నొక్కితే సరిపోయింది, తప్పు చేసినట్టే అనిపించలేదు. ఇక కార్క్‌స్క్రూలో ఎడమకు తిప్పి వెంటనే కుడికి తిప్పాలి, అదీ నిట్టనిలువుగా దిగుతూ. మియాటా చెప్పిన వెంటనే తిరుగుతుంది. మస్తాంగ్‌లో బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మళ్ళేదాకా ఆగాలి.

మియాటాతో నిజంగా చిరాకు తెప్పించేది ఒకటుంది. కొత్తవాళ్ళ గ్రూపులో ఓవర్‌టేక్ సాధారణంగా స్ట్రెయిట్‌లలోనే, అదీ ముందున్నవాడు చెయ్యి చూపించి దారిస్తేనే. పెద్ద ఇంజిన్ కారు మలుపుల్లో మీకు అడ్డంగా నెమ్మదిగా పోతుంది, స్ట్రెయిట్ రాగానే ఎగిరిపోతుంది. మళ్ళీ మలుపులో దాని వెనకే మీరు. ఆస్టిన్‌లోని కోటా (సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్) లాంటి ట్రాక్‌లో వెనక స్ట్రెయిట్ కిలోమీటరు పైనే ఉంటుంది. మీ ట్రాక్ అదే అయితే మస్తాంగ్ వైపు మనసు లాగడంలో తప్పేం లేదు.

అన్నట్టు, పవర్ ఉంటే బరువు ఉండి తీరాలనేం లేదు. షెవ్రొలే వాళ్ళ స్పోర్ట్స్ కారు సీ6 కార్వెట్ జెడ్‌06కు అల్యూమినియం ఫ్రేమ్, 505 హెచ్‌పీ, బరువు 1,420 కిలోల చుట్టూ. నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టగలిగి, కొంత అనుభవం కూడా వచ్చాక దాని గురించి ఆలోచించండి.

ఏది కొన్నా, మామూలు ఇన్సూరెన్స్ ట్రాక్ మీద ప్రమాదానికి చాలావరకు పనికిరాదు. లగూనా సెకాలో శబ్దానికి పరిమితి ఉంటుంది కాబట్టి మోత మోగే ఎగ్జాస్ట్ జోలికి పోకండి. మియాటా సాఫ్ట్ టాప్ (గుడ్డ పైకప్పు) అయితే రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడే ఇనుప కమ్మీ) లేకుండా చాలామంది నిర్వాహకులు రానివ్వరు, హెల్మెట్ దాని ఎత్తు దాటినా ఒప్పుకోరు. మీరు ఆరడుగులన్నారు కదా, హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుని చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.