ప్రభుత్వ బడుల్లో ప్రతిభ ఉన్న పిల్లల కోసం పెట్టిన పథకాలు ఇకముందు నిలుస్తాయా?

నిలవాలి. కానీ పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకోవడమే పథకం అనుకున్నంతకాలం నాకు నమ్మకం లేదు. నల్గొండ జిల్లా జెడ్పీ హైస్కూల్లో 19 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను, చూసిందే రాస్తున్నాను.

మూడేళ్ల కిందట బడి వదిలాక ఎనిమిదో తరగతి పిల్లల్ని ఎన్‌ఎంఎంఎస్ (పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్షకు తయారు చేస్తున్నా. 1, 3, 5 ఇలా 25 దాకా బేసి సంఖ్యలన్నీ కూడితే ఎంత అని బోర్డు మీద రాశాను. చాక్‌పీసు కింద పెట్టేలోపే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి "169 సార్" అంది. సూత్రం నేనింకా చెప్పనేలేదు. ఎట్లా చేశావమ్మా అంటే మాటల్లో చెప్పలేక, "ముగ్గేసి చూపిస్తా సార్" అని వరండాలోకి నడిచింది. ఒక చుక్క పెట్టింది. దానికి పక్కన, కింద, మూలన కలిపి మూడు. వాటికి రెండు వైపులా ఐదు. తర్వాత ఏడు. "ఎన్నిసార్లు పెట్టినా చదరం లెక్కనే ఉంటది సార్. 25 అంటే పదమూడోసారి. పదమూడు పదమూళ్లు." నానమ్మ దగ్గర ముగ్గులు నేర్చుకుంటూ తనే కనిపెట్టిందట. నాకు ఒళ్లు జలదరించింది.

ఈ పిల్లే ఐదో తరగతిలో నవోదయ పరీక్ష రాస్తే సీటు రాలేదు. ఆరో తరగతిలో చేరే ఆ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు, విద్యాలయానికి 80 సీట్లు. పదేళ్ల పిల్ల ఆ రెండు గంటలు తడబడితే తెలివి లేనట్టేనా? 1971లో సర్వేల్ ఊరి బడితో మొదలైన గురుకులాలు ఎందరినో పైకి తెచ్చాయి, కాదనను. కానీ "మంచివాళ్లు అటు పోయారు, మిగిలినవాళ్లే మనకు" అనే మాట స్టాఫ్‌రూంలో విన్నప్పుడల్లా కడుపు మండుతుంది.

అమ్మాయికి ఎన్‌ఎంఎంఎస్ వచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. తీరా చూస్తే ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బడి రికార్డులో ఒక్క అక్షరమే. వాళ్లమ్మ పత్తి ఏరే రోజుల్లో నాలుగు కూలీలు పోగొట్టుకుని ఆ అక్షరం కోసం తిరిగింది. మొదటి ఏడాది డబ్బు పడనేలేదు. ఇక పదో తరగతి పిల్లలకు ఉండే ఎన్‌టీఎస్‌ఈ (జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష) అయితే 2021 తర్వాత ఆగిపోయింది, అడిగినవాళ్లు లేరు.

నన్నడిగితే కొత్త పథకం కంటే ముందు ప్రతి హైస్కూల్లో లెక్కల పోస్టు నింపండి. సర్వేలు, ఫొటోల అప్‌లోడ్లు మా నెత్తిన తగ్గించి రోజుకు ఒక గంట మిగల్చండి. చుక్కలు పెట్టే పిల్లని చూడటానికి ఆ గంట కావాలి.

ఇప్పుడా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. ఈ ఏడాది శనివారం చివరి పీరియడు నా దగ్గర ఏడుగురు కూర్చుంటున్నారు. ఇద్దరికి తెలుగు చదవడం కూడా సరిగ్గా రాదు. ప్రశ్న నేను చదివి వినిపిస్తాను, మిగతాది వాళ్లు చూసుకుంటారు.