ఖర్జూరం తోట వేస్తానంటున్న అమ్మలుకి

అమ్మలూ,

చదువు అయిపోగానే స్నేహితులతో కలిసి ఖర్జూరం తోట వేస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత గర్వపడ్డానో! కానీ ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

మీ క్లాసులో కొందరు బాగా మిగులుతుందంటున్నారట, కొందరు కాపు వచ్చేదాకా ఆగలేం అంటున్నారట. అందరూ చెట్టుకెన్ని కిలోలు, కిలో ఎంత అనే లెక్కల్లోనే ఉన్నారు. మొక్క ఎక్కడిది అని ఒక్కరైనా అడగలేదేం తల్లీ? వ్యవసాయం చదువుతున్న పిల్లలు కదా మీరు!

ఎనిమిది మీటర్ల ఎడం, డ్రిప్పు, పశువుల ఎరువు నీకు తెలిసినవే.

నా స్నేహితుడొకడు ల్యాబ్‌లో తల్లి చెట్టు ముక్క నుంచి పెంచిన టిష్యూకల్చర్ మొక్కలంటే నమ్మి, కాగితం ముక్క కూడా అడక్కుండా కొన్నాడు. ఐదో ఏట పూత వచ్చింది. సంబరంగా నన్ను పిలిచాడు. ఆడ గెలైతే పుల్లల వెంబడి పసుపుపచ్చ పూసల్లా గుండ్రటి మొగ్గలుండాలి. వాడు గెలను తట్టగానే పిండిలాంటి పుప్పొడి రాలి అరచెయ్యి తెల్లబడింది. పోతు చెట్టు, కాయ కాయదు. పక్కదీ అంతే. గింజ మొక్కలు అంటగట్టారు. గింజతో పెంచితే ఇంచుమించు సగం పోతులే వస్తాయి. ఆడవి కూడా తల్లి కాయే కాస్తాయన్న భరోసా లేదు. పైకి చూస్తే పూత దాకా తేడా తెలియదు. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట దగ్గర దొరికిన దాదాపు 2,000 ఏళ్ల నాటి ఖర్జూర గింజ 2005లో మొలకెత్తింది. పూశాక చూస్తే అదీ పోతే. శాస్త్రవేత్తలకు అదే గొప్ప, రైతుకు అలా కాదు కదా. మళ్లీ నాటి ఇంకో ఐదేళ్లు ఎదురుచూసే ఓపిక లేక మావాడు పొలమే అమ్మేశాడు.

అందుకని తల్లి చెట్టును కళ్లారా చూసి పిలకలు తీసుకో, లేదా ల్యాబ్ ఇచ్చిన కాగితాలతో టిష్యూకల్చర్ మొక్కలు కొను. వాటిలోనూ ఎప్పుడైనా కాయ పట్టనివి వస్తాయి, మార్చి ఇస్తామని రాయించుకో. పిలకల్లో చెట్టును లోపల తొలిచే ఎర్ర ముక్కు పురుగు దాక్కుని రావచ్చు, మొదళ్లు బాగా చూడు.

వాన సంగతి ఇంకోటి. కాయ చెట్టు మీదే పండి ఎండాలంటే వాన లేని ఎండ కావాలి. అందుకే గుజరాత్‌లోని కచ్ రైతులు వానలు ముదరకముందే పచ్చికాయగా కోసేస్తారు. బర్హీ రకం పసుపు రంగులో కరకరలాడుతున్నప్పుడే తియ్యగా ఉంటుంది. కానీ కోశాక ఎక్కువ రోజులు ఆగదు. కొనేవాళ్లను ముందే చూసుకో.

పుప్పొడి చేత్తో వెయ్యాలి, ఆడ పూగెల మీది పొత్తి (తొడుగు) పగిలిన రెండు మూడు రోజుల్లోనే. ఆ హడావిడిలో మట్టల ముళ్లను మరిచిపోతారు. సూదుల్లా ఉంటాయి. కళ్లద్దాలు లేకుండా చెట్టు దగ్గరికి వెళ్లావని తెలిస్తే ఊరుకోను. చిన్నప్పుడు రేగు కంపలో చెయ్యి పెట్టి ఎంత ఏడ్చావో నాకింకా గుర్తుంది.

మొక్కలు కొనే రోజు నన్నూ తీసుకెళ్లు. బేరం మీరు చేసుకోండి, కాగితాలు నేను చదువుతాను.

మీ పెద్దనాన్న