రంగం (బర్మా) వెళ్ళిన తాతగారి తాత జాడ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి అండి. మా తాతగారి తాత విశ్వావసు సంవత్సరంలో పుట్టారని, రంగం వెళ్ళి మళ్ళీ రాలేదని నాయనమ్మ చెప్పేది. ఆయన పేరే మా తాతకీ పెట్టారు. ఇంట్లో ఆ పేరుతో, ఫసలీ 1295 అని ఉన్న పాత దస్తావేజు ఒకటుంది, అది ఇద్దరిలో ఎవరిదో తేలట్లేదు. వెతకాలంటే భువనేశ్వర్ వెళ్ళాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే ఎక్కడికీ వెళ్ళొద్దమ్మా, ముందు ఆ కాగితం చదవండి. ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడాది, దానికి 590 కలిపితే 1885 వస్తుంది, ఫసలీ జులైలో మొదలవుద్ది కాబట్టి 1885 జులై నుంచి 86 జూన్ లోపల రాసింది. విశ్వావసు అరవై ఏళ్ళకోసారి వస్తుంది కదా, మొన్న 2025 ఉగాదికి వచ్చింది, అంతకుముందు 1965, 1905, 1845. 1905లో పుట్టినాయన 1885లో సంతకం పెట్టలేడు, అంటే నాయనమ్మ మాట నిజమైతే దస్తావేజు 1845 ఆయనది, అప్పటికి నలభై ఏళ్ళ మనిషి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళల్లో ఇద్దరి కథలూ ఒకళ్ళకే అంటుకుపోతాయి, అందుకే ప్రతి కాగితం మీదా ముందు తండ్రి పేరు చూడాలి, ఇంటిపేరు తర్వాత.

ఇప్పుడు దస్తావేజు తిప్పి వెనక చూడండి. రిజిస్టర్ అయినదైతే సబ్ రిజిస్ట్రారు రాసిన మాటలు, రాసిచ్చినాయన సంతకమో గుర్తో, ఆయన్ని గుర్తుపట్టిన సాక్షుల పేర్లు, నంబరు, వాల్యూము, పేజీలు ఉంటాయి. ఆ నంబరు చూపించి రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత ఇండెక్స్ అడగండి, పేర్ల ఇండెక్స్ వేరు, ఆస్తి ఇండెక్స్ వేరు, రెండూ చూడమనండి.

అప్పట్లో మీ పర్లాకిమిడి ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే, తర్వాతే ఒడిశాలో కలిసింది. పర్లాకిమిడి ఎస్టేటులో పాతపట్నం వైపు భాగం మద్రాసులోనే ఉండిపోయి ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, కాబట్టి భూమి ఏ ఊళ్ళోదో తేలకుండా భువనేశ్వర్ బస్సెక్కితే డబ్బులు దండగ. ఆ భూమి ఈనాందైతే, అంటే మాన్యంగా ఇచ్చిందైతే మాత్రం 1860ల ఈనాం రిజిస్టర్ చూడాల్సిందే, అనుభవిస్తున్నాయన పేరు, వయసు, మొదట ఈనాం పొందినాయనకి ఏమవుతాడో కూడా రాసుంటుంది, అది ఇప్పుడు ఏ ఆర్కైవ్స్‌లో ఉందో ముందు కనుక్కోండి.

రంగం సంగతంటారా, దక్షిణాఫ్రికాలో నేటాల్‌కి కూలికి వెళ్ళినోళ్ళకైతే 1860 నుంచీ ఓడవారీ లిస్టులున్నాయి, తండ్రి పేరు ఊరు అన్నీ ఉంటాయి. గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగం పోయినోళ్ళని ఎక్కువగా కూలీల్ని కుదిర్చే మేస్త్రీలే తీసుకెళ్ళేవారు, వాళ్ళకి అలాంటి లిస్టుల్లేవు. ఆయన జాడ ఇక్కడే, భూమి కొడుకుల పేరన మారిన కాగితాల్లో వెతకాలి. మీరు అడగలేదు గానీ, కొడుకుల భాగపరిష్కారం దస్తావేజు ఉంటే అందులో తల్లికి మనోవర్తి (పోషణ) కింద ఏం రాసిచ్చారో చూడండి, ఆవిడ పేరు దొరికే చోటు చాలాసార్లు అదే.