తమ్ముడు సంతకం పెట్టమంటున్నాడు, పెట్టనా?

ప్రశ్న: మా పుట్టిల్లు కంచరపాలెం. నాన్న పోర్టులో పనిచేస్తూ కొనుక్కున్న రెండొందల గజాలు, అందులో పెంకుటిల్లు. నా చిన్నప్పుడే అమ్మ పోతే నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నారు. అమ్మకు అన్నయ్యా నేనూ, పిన్నికి ఒక తమ్ముడూ చెల్లీ. నాన్నమ్మ ముందే పోయింది. 2019లో నాన్న వీలునామా రాయకుండానే పోయారు. ఇప్పుడు తమ్ముడు ఇంటి పన్ను తన పేరుకు మార్పించుకుని బిల్డర్‌తో మాట్లాడుకున్నాడు. మొన్న సంక్రాంతికి వెళ్తే టీ గ్లాసు పక్కన టైపు చేయించిన కాగితాలు పెట్టి "అక్కా, ఊరికే ఫార్మాలిటీ, ఇక్కడో సంతకం పెట్టెయ్" అన్నాడు. పెళ్లిలో బంగారం పెట్టాం కదా అంటాడు. ఒక తల్లి బిడ్డలం కాదు కాబట్టి నాకు వాటా రాదని డాక్యుమెంట్ రైటర్ కూడా చెప్పాడట. గొడవపడితే పిన్ని రోడ్డున పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: పెట్టకండమ్మా. అది చాలావరకు విడుదల దస్తావేజు, అంటే మీ వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రం, అయి ఉంటుంది. ఒకసారి రిజిస్టర్ అయ్యాక, చదవకుండా పెట్టానని కోర్టులో నిరూపించుకోవడం ఎంత కష్టమో చెప్పలేను.

మీ వాటా సంగతి. ఇల్లు నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు, కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిన్నికీ మీ నలుగురికీ సమానంగా, తలా ఐదో వంతు. మీరంతా ఆయన పిల్లలే, తల్లి ఎవరన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ డాక్యుమెంట్ రైటర్ చెప్పింది బహుశా 18వ సెక్షన్ అయి ఉంటుంది. సొంత తోబుట్టువుకు సవతి తోబుట్టువు కంటే ముందు హక్కు అన్న మాట నిజమే, కానీ అది అన్నో తమ్ముడో పెళ్లాం, పిల్లలు, తల్లిదండ్రులు ఎవరూ లేకుండా పోతే అతని ఆస్తి విషయంలో పనికొచ్చేది, తండ్రి ఆస్తికి కాదు. పెళ్లిలో పెట్టిన బంగారం వల్ల వాటా పోదు. పన్ను రసీదు మీద పేరు మారితే ఇల్లు వాళ్లదైపోదు, అది పన్ను వసూలు కోసం ఉన్న రికార్డు, అంతే.

(ఇలాంటి ఉత్తరాలు రాసే మరికొందరి కోసం: మొదటి భార్య బతికుండగా, విడాకులు లేకుండా రెండో పెళ్లి చేసుకుంటే ఆ రెండో ఆవిడకు భార్యగా వాటా రాదు, ఆవిడ పిల్లలకు మాత్రం తండ్రి ఆస్తిలో వస్తుంది.)

చాలామంది చూసుకోని విషయం ఇంకొకటి ఉంది. రేపు పిన్ని వీలునామా లేకుండా పోతే ఆవిడ ఐదో వంతు ఆవిడ కన్న పిల్లలకే వెళ్తుంది, మీకూ అన్నయ్యకూ రాదు. అంటే తమ్ముడికి, చెల్లికి ఎలాగూ మీకంటే ఎక్కువే దక్కుతుంది. ఈ లెక్క అతనికి కాగితం మీద వేసి చూపించండి, మీ వాటా లాక్కోవాల్సిన అవసరమే లేదని తెలుస్తుంది.

ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించి, ఇంటి మీద ఈపాటికే ఏమైనా రాసేశాడేమో చూడండి. తర్వాత చెల్లితో మాట్లాడండి, ఆమె చేత కూడా ఇలాగే సంతకం పెట్టించుకున్నాడేమో! రెండొందల గజాలను ఐదు ముక్కలు చేసి ఎవరూ ఏమీ కట్టలేరు కాబట్టి బిల్డర్‌కి ఇవ్వడం తప్పేమీ కాదు, కాకపోతే ఆ అగ్రిమెంట్‌లో ఐదుగురూ ఉండాలి, ఎవరికి ఏ ఫ్లాటు, స్థలంలో ఎంత అవిభక్త (విడదీయని ఉమ్మడి) వాటా అన్నది రాసి రిజిస్టర్ చేయించాలి.

వినకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అదీ కాకపోతే ఆస్తి పంచమని కోర్టులో పార్టిషన్ దావా, దానికి ఏళ్లు పడుతుందని తెలిసే వేయండి.

పిన్ని గురించి మీ భయం నాకు అర్థమైంది, అలా ఆలోచించినందుకు మీ మీద గౌరవం పెరిగింది. ఆవిడ కూడా వాటాదారే, ఎవరూ బయటికి పంపలేరు. కట్టేటప్పుడు అద్దె ఎవరు భరిస్తారో, కట్టాక ఏ ఫ్లాటులో బతికినన్నాళ్లు ఉంటారో, ఆ రెండూ అదే ఒప్పందంలో రాయించండి. అవి రాయనిదే మీ సంతకం వద్దు.