బొమ్మల స్టాండు నిలబెట్టే ముందు ఇది చదువు

బుజ్జీ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. మధురవాడ ఫ్లాట్‌లో చిన్న గది మొత్తం పిల్లల బొమ్మలకే ఇచ్చేస్తున్నావట, అయిదు సొరుగుల చెక్క స్టాండు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టావట. ఆఫీసు, ఇద్దరు పిల్లలు, వంట, వీటన్నిటి మధ్య ఇంత ఓపిక ఎక్కడ తెచ్చుకున్నావే అని ఎంత మురిసిపోయానో. కానీ ఆ స్టాండు నీ భుజం దాకా వస్తుందన్నాడు చూడు, అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో చెప్తే "సరే అత్తా, చూస్తాలే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

సర్దడం నీకు నేను నేర్పక్కర్లేదు. విరిగినవి తీసెయ్. ఒక రకానివి ఒక టబ్బులో వెయ్, మూతలున్నవి కొనకు, పిల్లలు మూత తీస్తారు గానీ తిరిగి పెట్టరు. పెద్దదానికి ఇంకా చదవడం రాదు కాబట్టి లోపల ఏమున్నాయో ఫోటో తీసి టబ్బు మీద అతికించు. పూర్ణా మార్కెట్‌కి వెళ్తే టబ్బులు బేరమాడి తెచ్చుకోవచ్చు. అన్నీ ఒకేసారి బయట పెట్టకు, కొన్ని మంచం కింద దాచి అప్పుడప్పుడూ మారుస్తూ ఉంటే పాతవాటితోనే కొత్తగా ఆడుకుంటారు.

ఇక అసలు సంగతి. నీ గడ్డం కింద కుట్ల మచ్చ జారుడుబల్ల మీంచి పడితే వచ్చిందని చెప్పారు కదా నీకు. జారుడుబల్ల కాదమ్మా. మీరు కంచరపాలెంలో ఉన్నప్పటి మాట, నీకు మూడేళ్లు. మీ నాన్నకి నైట్ డ్యూటీలు. తెల్లారగట్ల ఇంటికొచ్చి లైటు వెయ్యకుండా నడిస్తే నీ లక్కపిడతలు కాళ్లకి గుచ్చుకునేవి. ఒకరోజు విసుగొచ్చి అన్నీ ఏరి వెదురుబుట్టలో వేసి, నీకు అందకుండా సొరుగుల బల్ల నెత్తిన పెట్టాడు. ఇల్లు శుభ్రంగా ఉందని మేమంతా మెచ్చుకున్నాం కూడా. ఆ వారంలోనే నేనూ మీ అమ్మా వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాం, నువ్వు కింది సొరుగు లాగావు, దాని మీద నిలబడి పైది లాగావు, దాని మీదకి కాలేశావు. మాకు చప్పుడొక్కటే వినబడింది. పరిగెత్తుకొచ్చి చూస్తే బల్ల ముందుకి వాలి మంచం పట్టె మీద ఆగిపోయి ఉంది, దాని కింద సందులో నువ్వు, నీ చుట్టూ ఎర్రవీ పచ్చవీ పిడతలు దొర్లుతున్నాయి. ఆ మంచం అక్కడ లేకపోతే అన్న ఆలోచన ఇవాళ్టికీ నన్ను వదల్లేదు. మీ నాన్న చొక్కా అయినా వేసుకోకుండా నిన్నెత్తుకుని కేజీహెచ్ ఆస్పత్రికి ఆటోలో పరిగెత్తాడు. అప్పుడందరూ అల్లరిపిల్ల అని నిన్నే అన్నారు. నీ తప్పేముందే తల్లీ, నీ బొమ్మలు పైన కనిపిస్తున్నాయి, సొరుగులేమో మెట్లలా ఉన్నాయి. ఈ సంగతి నీకు చెప్పమని మీ నాన్న అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. స్టాండు ఎత్తు మాత్రం నాకు రెండుసార్లు చెప్పాడు.

సొరుగులు మూసి ఉన్నంతసేపు అలాంటి బల్ల బానే నిలబడుతుంది. రెండు మూడు ఒకేసారి లాగి, పైన పిల్ల బరువు కూడా పడితే బరువంతా ముందుకొచ్చి బోల్తా కొడుతుంది. కాబట్టి దాన్ని గోడకి బిగించాల్సిందే, ఎల్ క్లాంపులు పెట్టి, గోడలో ప్లగ్గులు దింపి. ఓనర్ డ్రిల్లింగ్‌కి ఒప్పుకోడంటావేమో, ఖాళీ చేసేటప్పుడు పుట్టీతో పూడ్చి ఇస్తామని చెప్పు. అయినా ఒప్పుకోకపోతే స్టాండు వెనక్కి పంపించేసి నేలబారుగా ఉండే అరలు తెచ్చుకో. బరువైన బొమ్మలు అడుగున పెట్టు. పిల్లలు ఇష్టపడేది ఏదీ, ఒక్క కారు బొమ్మ కూడా, పైన కనబడకూడదు.

ఇంకో భయం బటన్ సెల్స్, అవే, గుండీల్లా ఉండే చిన్న బ్యాటరీలు. పాటలు పాడే బొమ్మలన్నీ తిరగేసి చూడు, సెల్ మూతకి స్క్రూ లేకపోతే ఆ బొమ్మ ఇంట్లో వద్దు. మన విశాఖ ఉప్పుగాలికి ఆ స్క్రూలు తుప్పు పట్టి ఊడతాయి కూడా, అందుకే అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి. చిన్నాడు ఇప్పుడు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆ సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగాడేమో అని అనుమానం వచ్చినా వాంతి చేయించకు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లు.

కొత్తవి కొంటే ఐఎస్‌ఐ గుర్తు చూడు, 2021 నుంచి అది తప్పనిసరి. ఏటికొప్పాక బొమ్మల మీద ఆ గుర్తు ఉండకపోవచ్చు, వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అలాంటివాటికి మినహాయింపు ఉంది. నీ లక్కపిడతలు నా దగ్గరే ఉన్నాయే, మీ నాయనమ్మ కొన్నవి. రెండు మూతలు పోయాయి గానీ రంగు అలాగే ఉంది. అంకుడు కర్ర కదా, చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు. పెద్దదానికి ఇస్తాను, కానీ చిన్నాడు నిద్రపోయేటప్పుడే తియ్యాలి, అవి వాడి నోట్లో పట్టేంత ఉంటాయి. నీళ్లతో కడగకు, పొడిబట్టతో తుడువు. బాల్కనీలో ఎండలో పెట్టకు, వేడికి లక్క మెత్తబడుతుంది. దూది బొమ్మలకి మాత్రం ఎండ కావాలి, వానాకాలం చెమ్మకి బూజు పట్టి పిల్లలకి దగ్గు తెస్తాయి.

ఆదివారం మీ మామయ్య డ్రిల్ మెషీన్ తీసుకుని వస్తారు, క్లాంపులు కూడా ఆయనే తెస్తారు. నువ్వు గోడకి ఎక్కడెక్కడ కరెంటు వైర్లు పోతున్నాయో కనుక్కుని ఉంచు. స్టాండు ముందే వచ్చేస్తే అట్టపెట్టె విప్పకు, మేం వచ్చేదాకా అలాగే నేలమీద పడుకోబెట్టి ఉంచు. భోజనం నేనే తెస్తాను, వంట పెట్టుకోకు.

మీ అత్త