పక్షుల కోసం పంచాంగం చూడండి

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో యానాం మీదుగా కోరింగ అభయారణ్యానికి వెళ్లాం. ఉదయం పది గంటలకు చెక్కబాట మీద చివరిదాకా నడిచినా రెండు తెల్లకొంగలు, ఒక నీటికాకి తప్ప ఏమీ కనిపించలేదు. చెట్ల మొదళ్ల దాకా నీళ్లే ఉన్నాయి. వలస పక్షులు వేలల్లో వస్తాయంటారు కదా, అవన్నీ ఎక్కడుంటాయి? ఏ వేళకు వెళ్లాలి?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీరు నెలను సరిగ్గానే ఎంచుకున్నారు, అక్టోబరు నుంచి మార్చి వరకు వలస పక్షులు ఇక్కడే ఉంటాయి. అయితే చెట్ల మొదళ్ల దాకా నీళ్లున్నాయన్న మీ మాటలోనే జవాబు ఉంది. మీరు నిండు పోటు వేళ వెళ్లారు.

ఉత్తరాసియా నుంచి వచ్చే ఉల్లంకి (శాండ్‌పైపర్) జాతి పిట్టలు చెట్ల మీద బతికేవి కావు. వాటికి కావలసింది బురదలోని పురుగులు, చిన్న పీతలు, గుల్లలు. పొట్టి ముక్కు పిట్ట పైపైన ఏరుకుంటే, కొడవలిలా వంగిన పొడవాటి ముక్కున్న కర్ల్యూ లోతు బొరియల్లో ఉన్నదాన్ని లాగి తింటుంది. అందుకే ఒకే బురదమేట మీద ఇన్ని రకాలు ఇమడగలుగుతున్నాయి. పాటు వేళ సముద్రం వెనక్కి తగ్గితే ఇవన్నీ నీటి అంచు వెంట దూరంగా వెళ్లిపోతాయి, పోటు ఎక్కే కొద్దీ ఒడ్డు వైపు జరుగుతూ వస్తాయి, నీరు నిండాక మునగని ఇసుకదిబ్బ మీద గుంపుగా చేరి కునుకు తీస్తాయి.

కాబట్టి కాకినాడలో కుంభాభిషేకం రేవు వైపు బురదమేటలను చూడదలిస్తే పోటు నిండడానికి సుమారు రెండు గంటల ముందు చేరుకోండి. చెక్కబాటకు మాత్రం ఇది తిరగబడుతుంది: పాటు వేళ కాలువల గట్లు బయటపడినప్పుడే నల్లతల లకుముకి పిట్ట, గట్టు వెంట తోక ఊపుతూ పరుగెత్తే చిన్న ఉల్లంకి కంటబడతాయి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు వస్తాయి, ఈరోజు వేళకు రేపటి వేళ సుమారు 50 నిమిషాలు వెనకబడుతుంది. అమావాస్య, పౌర్ణములకు పోటు ఎత్తు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. మన బోటువాళ్లకు ఇదంతా నోటిలెక్కే కనుక బయలుదేరే ముందు వారిని అడగడం మేలు.

ఓపిక ఉంటే ఇండియన్ స్కిమ్మర్ కోసం వెతకండి. చంబల్, మహానది వంటి నదుల ఇసుకమేటల మీద గుడ్లు పెట్టే ఈ పక్షి శీతకాలంలో కాకినాడ తీరానికి వస్తుంది. నారింజరంగు ముక్కులో కింది సగం పై సగం కన్నా పొడవు. దానితో నీటిని గీసుకుంటూ ఎగురుతూ చేపను అందుకుంటుంది. దాన్ని చూశాక మా ఇంట్లో పిల్లలు వారం రోజులు వేరే మాట ఎత్తలేదు.

బైనాక్యులర్ 8×42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ. వెడల్పు) చాలు. ఫొటో కోసం గుంపును లేపవద్దని పిల్లలకు ముందే చెప్పండి: తిరుగు ప్రయాణానికి దాచుకుంటున్న కొవ్వు ప్రతిసారీ కొంత ఆ ఎగురుడుకే ఖర్చవుతుంది.

ఇంత లెక్క కుదరకపోతే కొల్లేటి అంచున, కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్లండి. అక్కడ పోటుపాట్ల బెడద లేదు. అటవీ శాఖ నిలిపిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి, పిల్లలు వాటిని దగ్గరనుంచే చూడవచ్చు.